జనార్ధనన్న తెల్లబండి రేడియేటర్

షామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే దారిలో జనార్ధన్ పేరు తెలియనివాళ్లు తక్కువ. మనిషిని గుర్తుపట్టేవాళ్లు ఇంకా తక్కువ. జనానికి తెలిసింది ఫ్లెక్సీ మీది జనార్ధన్. నల్లటి జుట్టు, కళ్లకు చల్లద్దాలు, ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, జోడించిన రెండు చేతులు. పండగ ఏదైనా, పుట్టినరోజు ఎవరిదైనా, కరెంటు స్తంభానికి వేలాడుతూ ఆయన వచ్చేపోయేవాళ్లకు దండం పెడుతూ ఉండేవాడు. ఆ ఫొటో తీయించుకుని చాలా ఏళ్లయింది. మళ్లీ ఒకటి తీయిద్దామని ఫ్లెక్సీ షాపువాళ్లు ఎప్పుడూ అనలేదు, ఆయనా అడగలేదు.

లీడర్ కాకముందు జనార్ధన్‌కు ఇంకో బతుకు ఉండేది. వాళ్ల బాపుకు ద్రాక్షతోట ఉండేది. తోటకు బావి, బావికి డీజిల్ ఇంజన్, ఇంజన్‌కు రోజుకొక రోగం. బాపు దాన్ని బూతులు తిట్టేవాడు, జనార్ధన్ విప్పేవాడు. మీసాలు రాకముందే అతనికి ఇంజన్ దగ్గు విని రోగం చెప్పడం వచ్చింది. తర్వాత ట్రాక్టర్ వచ్చింది. అది ఆగినా అతనే. చుట్టుపక్కల ఎవరి మోటరు మొరాయించినా మనిషిని పంపేవారు, ఇతను పానాల సంచీ భుజాన వేసుకుని పోయేవాడు. ఆ రోజుల్లో అతన్ని అన్నా అని పిలిచినవాళ్లు లేరు గాని, అన్నం పెట్టకుండా పంపినవాళ్లూ లేరు.

ద్రాక్షకు తెగులొచ్చింది, బావికి నీళ్లు పోయాయి, తోటకు కొనేవాళ్లొచ్చారు. జనార్ధన్ ముందు తన భూమిని ప్లాట్లు చేసి అమ్మాడు, ఆ అనుభవంతో పక్కవాళ్ల భూములు అమ్మించాడు. తెల్లచొక్కా వచ్చింది, చేతికి కడియం వచ్చింది, చివరికి ఎత్తయిన తెల్లబండి వచ్చింది. దానితోపాటు పాత పని పోయింది. లీడర్ అన్నవాడి గోళ్లలో మట్టి ఉండొచ్చు, పొలం ఉందనుకుంటారు. గ్రీజు ఉంటే పని చేసుకుని బతుకుతున్నాడనుకుంటారు. ఇది ఎవరూ చెప్పకుండానే జనార్ధన్‌కు అర్థమైంది. పానాల సంచీ మంచం కిందికి పోయింది.

బండి మాత్రం ఆయన్ని మించిపోయింది. పెళ్లింటి ముందు తెల్లబండి ఆగితే జనార్ధనన్న వచ్చినట్టు, చావింటి ముందు ఆగితే ఓదార్చినట్టు. ఒకసారి ఆయన జ్వరంతో పడుకుని, పూలదండ ఇచ్చి బండిని వేరే మనిషితో ఒక చావింటికి పంపాడు. మర్నాడు అందరూ, అన్న నిన్న వచ్చి చాలాసేపు కూర్చున్నాడని చెప్పుకున్నారు.

అలాంటి బండి, కొత్త మున్సిపాలిటీకి ఎన్నికలు వస్తున్నాయని తెలిసిన వారంలోనే, రింగు రోడ్డు దగ్గర బుస్సుమంది. పార్టీ పెద్దాయన ఇంటికి పోయి తన వార్డు టికెట్ సంగతి కదిపి వస్తున్నాడు జనార్ధన్. వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. దిగి చూస్తే రేడియేటర్ అడుగున చిల్లి, పచ్చటి నీళ్లు బొట్లు బొట్లుగా కాదు, ధారగా కారుతున్నాయి. బానెట్ ఎత్తితే దారిన పోయేవాళ్లంతా ఆగుతారు. అందుకని ఎత్తలేదు. ఫోను చెవికి ఆనించుకుని, అవతల ఎవరో పెద్ద మనిషి ఉన్నట్టు తల ఊపుతూ, ఆవిరి పక్కన నిలబడ్డాడు. ఇద్దరు ముగ్గురు నమస్తే పెట్టి పోయారు. ఆవిరి తగ్గాక సీసాలతో నీళ్లు పోసుకుంటూ, ఆగుకుంటూ, కుంటెద్దు నడకన ఇల్లు చేరాడు.

మేడ్చల్ రోడ్డు మీద శ్రవణ్ అనే మెకానిక్ షెడ్డు ఉంది. మంచి పనివాడు. కాని ఆ షెడ్డుకు సరిగ్గా ఎదురుగా నవీన్ ఆఫీసు. నవీన్‌దీ ప్లాట్ల వ్యాపారమే, అతని కన్నూ ఆ వార్డు టికెట్ మీదే, పైగా వయసులో చిన్నవాడు, ఫొటో కొత్తది. తెల్లబండి నోరు తెరుచుకుని షెడ్డులో పడి ఉంటే, సాయంత్రానికల్లా ఊరంతా అనే మాట జనార్ధన్‌కు ముందే వినపడింది. అన్న పని అయిపోయింది.

భార్య సత్యమ్మ వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఆయన చెప్పిందంతా విన్నది.

"ఇంట్లనే జేసుకో," అంది.

"ఏంది జేసుకునేది?"

"రేడియేటర్. ట్రాక్టర్‌ది ఎన్నిసార్లు ఇప్పలేదు నువ్వు?"

"గది ట్రాక్టర్."

"గిదేమన్న ఇమానమా?"

జనార్ధన్ లోపలికి పోయాడు. కొంతసేపటికి మంచం కింద వంగి ఏదో వెతుకుతున్న చప్పుడు వినిపించింది. సత్యమ్మ చిక్కుళ్ల మీంచి తల ఎత్తలేదు.

కొత్త రేడియేటర్ కోసం రాణిగంజ్ పోవాలి. బండి లేదు గనక బస్సెక్కాడు. తెల్లచొక్కా వేసుకోలేదు, తలకు తువ్వాల చుట్టాడు. అయినా తిరుగు బస్సులో, ఒళ్లో పెద్ద అట్టపెట్టెతో కూర్చుని ఉండగా, అల్వాల్‌లో ఎక్కిన పాత వార్డు మెంబరొకాయన పట్టేశాడు.

"అన్నా, నువ్వేంది బస్సుల? గా డబ్బా ఏంది?"

జనార్ధన్ పెట్టెను పొట్టకు అదుముకున్నాడు. "మన పెద్దసారు ఫొటో. ఫ్రేమ్ కట్టించిన. బండ్ల ఏస్తే అద్దం పలుగుతదని చేతుల మీద తీస్కపోతున్న."

ఆ మనిషి అట్టపెట్టెకు భక్తిగా చెయ్యి తాకించి కళ్లకద్దుకున్నాడు. తనకు దొరికిన సీటులో పెట్టెను కూర్చోబెట్టి, షామీర్‌పేట దాకా నిలబడి వచ్చాడు. దిగేటప్పుడు, ఈ రోజుల్లో ఇంత అభిమానం ఎవరికుంటుందని కూడా అన్నాడు.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గరికి వేసి, రోడ్డు వైపు తాటిపత్రి పట్టా కట్టి, జనార్ధన్ పనిలోకి దిగాడు. పాత లుంగీ, చిల్లుల బనీను. జుట్టుకు రంగు వేసుకునే రోజు దాటి చాలా రోజులైంది, ఈ గొడవలో అదీ గుర్తు లేదు.

ఇంజన్ రాత్రంతా చల్లారింది. ముందు బ్యాటరీ వైరు తీశాడు. రేడియేటర్ కింద టబ్బు పెట్టి, అడుగున ఉన్న మూత తిప్పితే, మిగిలిన పచ్చనీళ్లు దిగాయి. సత్యమ్మ కోళ్లను తరుముతూ నిలబడింది. ఆ నీళ్లు తియ్యగా ఉంటాయి, విషం, కోడి ముక్కు పెట్టిందంటే మళ్లీ లేవదు. తర్వాత పై గొట్టం, కింది గొట్టం. పైదాని క్లిప్పు వదులు చేయగానే ఊడింది. కిందిది ఏళ్ల తరబడి వేడికి కరుచుకుపోయి రాలేదు. పెరికితే రేడియేటర్ ముక్కు విరుగుతుంది. జనార్ధన్ పెరకలేదు. వేళ్లతో పట్టుకుని కుడికి కొంచెం, ఎడమకు కొంచెం, పాలు పిండినట్టు తిప్పుతూ పోయాడు. అలా తిప్పుతూ ఉండగా ఆయన పెదాలు ఈల వేయడం మొదలుపెట్టాయి. ఆ సంగతి ఆయనకు తెలియదు. సత్యమ్మకు తెలిసింది. ఆ ఈల విని ఆమెకు ఎన్నో ఏళ్లయింది.

గొట్టం ఊడింది. ఫ్యాను వైరు తప్పించి, ఫ్యాను చట్రం పైకి లాగి, పైనున్న బోల్టులు విప్పి, పాత రేడియేటర్‌ను రెండు చేతులా పసిపిల్లను తొట్లోంచి ఎత్తినట్టు ఎత్తాడు. అడుగున రబ్బరు బుష్షులు రెండూ ఉన్నాయో లేదో చూసుకున్నాడు. కొత్తదాన్ని రేకులు వంగకుండా అదే చోట దించాడు. కింది గొట్టం బిగించడానికి బండి కిందికి దూరాడు.

గేటు కిర్రుమన్నది అప్పుడే.

"ఏవండీ, ఎవరైనా ఉన్నారా?" అంటూ ఒక ముసలాయన తాటిపత్రి తప్పించుకుని లోపలికి వచ్చాడు. ఆయన పేరు చలపతిరావు. గుంటూరు వైపు మనిషి, ఇన్సూరెన్స్ ఆఫీసులో చేసి రిటైరై, వెనక కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు, అక్కడి సంఘానికి అధ్యక్షుడు. ఆ కాలనీ పేరు వైన్‌యార్డ్ ఎన్‌క్లేవ్. ద్రాక్ష అనేది పేరులో తప్ప ఎక్కడా లేదు. ఉన్నప్పుడు అది జనార్ధన్ బాపు తోట.

చలపతిరావుకు బండి కింద నుంచి బయటికి వచ్చిన రెండు కాళ్లు కనిపించాయి. "ఏం మెకానిక్కూ, జనార్ధన్ గారున్నారా?"

కాళ్లు కదలలేదు. జనార్ధన్ ముందు రెండు దారులున్నాయి. బయటికి వచ్చి నేనే అనడం ఒకటి. ఒంటి మీద చూసుకుంటే నూనె మరకలు, మోచేతి దాకా మడ్డి. ఎన్నికల ముందు, కాలనీ ఓట్లన్నీ చేతిలో ఉన్న మనిషి ముందు, ఈ వేషంలో.

"లేడు సారు," అన్నాడు బండి కింద నుంచి. "బైటికి పోయిండు."

"బండి ఇక్కడే ఉందిగా. బండి ఉంటే ఆయన ఉంటాడని చెప్పారే."

"బండి కరాబైంది. నడుసుకుంట పోయిండు."

"ఆయన నడుస్తాడా?" అని చలపతిరావు నిజంగానే ఆశ్చర్యపోయి, అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పోనీలే, చూసే వెళ్తాను. వచ్చినప్పుడల్లా ఇదే వరస. మా వీధి మొదట్లో మ్యాన్‌హోల్ మూత విరిగి నెలలైంది. స్కూటరు మీద పిల్లలు పోతుంటే గుండె జారిపోతోంది."

ఇక కిందే ఉండిపోతే బాగుండదని జనార్ధన్ బయటికి జరిగాడు. మొహాన మడ్డి, నెరిసిన తల. చలపతిరావు కళ్లు ఆయన మీద పడి, ఏమీ పట్టుకోకుండా రేడియేటర్ మీదికి పోయాయి. ఆయన రోజూ దాటిపోయే ఫ్లెక్సీ ఈ గేటు పక్కనే ఉంది.

జనార్ధన్ పై గొట్టం బిగిస్తూ, మాటల సందున అడిగినట్టు అడిగాడు. "మీ కాలనోళ్లు ఏమనుకుంటుండ్రు సారు, ఈయన గురించి?"

"అనుకోవడానికేముంది? చెడ్డవాడని ఎవరూ అనగా వినలేదు."

జనార్ధన్ చేతిలో పానా కొంచెం తేలికగా తిరిగింది.

"మంచివాడని కూడా వినలేదు," అన్నాడు చలపతిరావు. "పొద్దున లేస్తే దండం పెడుతూ కనిపిస్తాడు. ఎవరికి, ఎందుకు, తెలియదు. మా ఆవిడ పార్వతీదేవి ఒకరోజు అడిగింది, ఇంతకీ ఈయన చేసే పనేమిటండీ అని. నేను చెప్పలేకపోయాను. నువ్వు వీళ్లింట్లో పనిచేస్తున్నావుగా, ఏం చేస్తాడాయన?"

జనార్ధన్ క్లిప్పు మీదికి వంగాడు. జవాబు కోసం నిజంగానే వెతికాడు. ప్లాట్లు అమ్మడం అయిపోయి చాలా కాలమైంది. పెళ్లిళ్లకు పోతాడు. మీటింగుల్లో రెండో వరసలో నిలబడతాడు. ఫోను మాట్లాడతాడు.

"గదే సారు," అన్నాడు చివరికి. "లీడర్."

అప్పుడే సత్యమ్మ చాయ్ తెచ్చింది. లోపల్నుంచి అంతా విన్న మనిషి మొహంలో ఏమీ లేదు. చలపతిరావుకు కప్పూ సాసరులో ఇచ్చింది. భర్త ముందు నేల మీద ఒక స్టీలు గ్లాసు పెట్టింది.

"మేస్త్రీ, చాయ్ తాగు. సల్లారుతది," అని లోపలికి పోయింది.

మిగిలిన పని చలపతిరావు కళ్ల ముందే జరిగింది. కూలెంట్ పోసి, మూత తెరిచే ఉంచి, ఇంజన్ వేసి, లోపలి గాలి బుడగలుగా పైకి వచ్చేదాకా ఆగి, మట్టం తగ్గినప్పుడల్లా మళ్లీ పోసి, గొట్టాల కింద వేలు పెట్టి తడి ఉందేమో చూసి మూత బిగించాడు. ముల్లు మధ్యకు వచ్చి నిలిచింది. చలపతిరావు మెచ్చుకోలుగా తల ఊపి, లేస్తూ అన్నాడు, "మా కారు కూడా ఏసీ వేస్తే వేడెక్కుతోందయ్యా. ఒకసారి వచ్చి చూడరాదూ?"

రానంటే ఎందుకు రావని అడుగుతాడు. జనార్ధన్ వస్తానన్నాడు.

వెళ్లాడు కూడా. స్కూటరు మీద, సంచీతో. చలపతిరావు కారులో ఫ్యాను తిరగడం లేదు, ఫ్యూజు పోయింది. మార్చి పని అయిపోయిందంటే పార్వతీదేవి నమ్మలేదు, మళ్లీ వేయించి చూసింది. మజూరీ వద్దంటే సున్నుండల డబ్బా చేతిలో పెట్టింది. పక్కింటి దీక్షిత్ కారులో ఏదో కిరకిరమంటోందని తెచ్చాడు. ఎదురింటి సుప్రజ స్కూటరు నిలవడం లేదంది. ఆ వారంలో జనార్ధన్ మళ్లీ రెండుమూడుసార్లు ఆ కాలనీకి పోయాడు. ఇంట్లో అడిగితే, ఓటర్ల నాడి పట్టడానికని చెప్పేవాడు. సత్యమ్మ సున్నుండ కొరుకుతూ, నాడి ఎట్లుందని అడిగేది.

మ్యాన్‌హోల్ మూత సంగతి లీడరుకు చెప్తానని మేస్త్రీ చలపతిరావుకు మాటిచ్చాడు. లీడరు మున్సిపాలిటీకి ఫోను చేశాడు. రెండోసారి గట్టిగానే చేశాడు. మూత పడింది. పక్కన ఫ్లెక్సీ కట్టాలని కూడా ఆయనకు తట్టలేదు. చలపతిరావు వీధిలో అందరికీ చెప్పాడు, చూశారా, లీడరు ఇంటి చుట్టూ నెలల తరబడి తిరిగితే కాని పని మెకానిక్కుకు చెబితే నాలుగు రోజుల్లో అయింది.

టికెట్ల మీటింగు రోజు వచ్చింది. జనార్ధన్ జుట్టుకు రంగేసుకుని, చేతులు కిరసనాయిలుతో తోముకుని, తెల్లచొక్కా తొడిగి, తెల్లబండిలో మేడ్చల్ పోయాడు. ముల్లు దారంతా మధ్యలోనే ఉంది. ఫంక్షన్‌హాలు ముందు నవీన్ బండి పక్కనే ఆపాడు, చల్లగా, పొగ లేకుండా.

లోపల పెద్దాయన కాగితం చదివాడు. ఆ వార్డు మహిళలకు రిజర్వయింది.

జనార్ధన్ నవీన్ వైపు చూశాడు. నవీన్ నేల వైపు చూశాడు. నవీన్‌కు ఇంకా పెళ్లి కాలేదు. చుట్టాలు సంబంధాలు తెస్తే, ముందు కౌన్సిలర్ అయినాక చూద్దామని మూడేళ్లుగా వెనక్కి తిప్పి పంపుతున్నాడు.

"జనార్ధన్, మీ ఇంట్లామె పేరేంది?" అన్నాడు పెద్దాయన.

ఇంటికొచ్చి ఈ ముచ్చట చెబితే సత్యమ్మ ఎగిరి గంతేస్తుందనుకున్నాడు, లేదా నాకెందుకని ఏడుస్తుందనుకున్నాడు. ఆమె రెండూ చేయలేదు. "సంతకం నేనే పెట్టాల్నా?" అని అడిగింది.

"నువ్వే పెట్టాలె."

"అయితే మాట్లాడేది గూడ నేనే మాట్లాడుత."

ప్రచారం మొదటి రోజున వైన్‌యార్డ్ ఎన్‌క్లేవ్‌కు పోయారు. కండువాలవాళ్లు, డప్పులవాళ్లు, ముందు సత్యమ్మ. డ్రైవరుగా పెట్టుకున్న మనిషి పొద్దున్నే రానన్నాడు గనక బండి జనార్ధనే నడిపాడు. ఎండకు రంగు వేసిన జుట్టు మీద తువ్వాల కప్పుకుని దిగాడు. చలపతిరావు గేటులోంచి నవ్వుతూ వచ్చాడు.

"ఏవయ్యా మేస్త్రీ, వీళ్ల దగ్గర డ్రైవరుగా కూడా చేరావా?"

డప్పు ఆగింది. కండువాలవాళ్లు చెప్పుల వైపు చూసుకున్నారు. జనార్ధన్ తువ్వాల ఇంకాస్త ముందుకు లాక్కున్నాడు.

"డ్రైవర్ గాదు సారు," అంది సత్యమ్మ నెమ్మదిగా. "మా ఇంటాయన. జనార్ధన్ అంటే ఈయననే."

చలపతిరావు మొహంలో ఒకటొకటిగా అన్నీ వచ్చి పోయాయి. ఆ రోజు కుర్చీ, చాయ్, తను అన్న మాటలు. స్తంభం మీది ఫ్లెక్సీ వైపు చూశాడు, మళ్లీ ఈ మనిషి వైపు చూశాడు.

"మరి అందులో ఉన్నదెవరండీ?" అన్నాడు.

"గది గూడ నేనే సారు. జర పాతది."

పార్వతీదేవి మొదట నవ్వింది. ఆమె నవ్వాక ఎవరూ ఆపుకోలేదు. చలపతిరావు మాత్రం నవ్వకుండా దగ్గరికి వచ్చి, "మీ గురించి మీ దగ్గరే... ఏమీ అనుకోకండి," అన్నాడు.

"అనుకోలే సారు," అన్నాడు జనార్ధన్. అది అబద్ధం. అనుకున్నాడు, ప్రతి మాటా అనుకున్నాడు, ఇంకా అనుకుంటూనే ఉన్నాడు.

సత్యమ్మ గెలిచింది. గాలి మాదేనని పెద్దాయన అన్నాడు. తన పాతికేళ్ల సేవకు ఫలితమని జనార్ధన్ మీటింగులో చెప్పుకున్నాడు. కాలనీలో ఎవర్నడిగినా, మన మేస్త్రీ భార్య గదండీ అన్నారు.

ఇప్పుడు మున్సిపల్ ఆఫీసు వరండాలో ఒక పొడుగు బల్ల ఉంది. కౌన్సిల్ సమావేశం జరిగినప్పుడు ఆడ కౌన్సిలర్ల భర్తలంతా దాని మీద కూర్చుంటారు. అందరివీ తెల్లచొక్కాలే. మొదట్లో వీళ్లు భార్యల పక్కన కుర్చీలు వేయించుకున్నారు గాని, కొత్తగా వచ్చిన కమిషనర్ స్రవంతి మేడం ఆ కుర్చీలు తీయించింది. లోపల ఏం తీర్మానం అవుతోందో తెలియక, బయట వీళ్లు దేశ రాజకీయాలు మాట్లాడుకుంటారు. ఒకరి బండి స్టార్ట్ కావడం లేదంటే జనార్ధన్ లేచి పోతాడు. చేతులు తుడుచుకుంటూ తిరిగి వచ్చేసరికి ఆయన చోటు ఆయనకే ఉంటుంది.

మొన్నటి సమావేశం మధ్యాహ్నం దాటినా సాగింది. చివరికి సత్యమ్మ బయటికి వచ్చి బండెక్కింది. జనార్ధన్ రోడ్డెక్కేదాకా ఓపిక పట్టాడు.

"ఏమైంది లోపల? గంత సేపు?"

"మస్తు ముచ్చట్లైనయి."

"నవీన్ ప్లాట్ల లేఅవుట్ పర్మిషన్ ముచ్చట అచ్చిందా? ఏమన్నవ్ నువ్వు?"

సత్యమ్మ కిటికీ అద్దం దించి, కొంగు సర్దుకుంది.

"రేపు పేపర్ల సూడు," అంది. "ముందల గుంత ఉన్నది, నువ్వు రోడ్డు సూడు."